బుచ్చన్న కారుకు ప్రాపు పెట్టాడు

గోదావరిఖని సెంటర్‌లో నిలబడి ‘బుచ్చన్నా’ అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. కాబట్టి ముందే చెప్పుకోవాలి, ఈయన టింబర్ బుచ్చన్న. బొగ్గు బాయిలో రూఫు, అంటే నెత్తి మీది బండ, కూలకుండా కింద కర్రలు నిలబెట్టే పని ఈయనది. ఆ కర్రను ప్రాపు అంటారు. ఇప్పుడు ఇనుప ప్రాపులూ బోల్టులూ వచ్చాయి గానీ, బుచ్చన్న డ్యూటీలో చేరిన రోజుల్లో అంతా కర్రే. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన నిలబెట్టిన ప్రాపు ఒక్కటీ వంగలేదు. ఈ మాట బాయిలో అందరూ ఒప్పుకుంటారు. ఎవరైనా ఒప్పుకోకపోతే, ఒప్పుకునేదాకా వాళ్లను ఆయన కదలనివ్వడు.

అంతటి మనిషికి బాయి పైకి వస్తే ఒక జబ్బు. ఏ వస్తువు పాడైనా తానే బాగు చేస్తాడు. ఫ్యాను బాగు చేశాడు. అది ఇప్పుడు బ్రహ్మాండంగా తిరుగుతుంది, గాలి మాత్రం స్లాబుకు తగులుతుంది. గోడ గడియారం బాగు చేశాడు. దాన్ని నమ్మి ఒకసారి ఫస్టు షిఫ్టుకు బయలుదేరితే గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. కుక్కరు మీద ఆయన కన్ను పడ్డ రోజు భార్య అనసూర్య దాన్ని తీసుకుపోయి పక్క క్వార్టర్లో ఉండే శోభ దగ్గర దాచింది.

అలాంటి ఇంట్లోకి కారు వచ్చింది.

కొత్తదేం కాదు. రిటైరై సామర్లకోట వెళ్లిపోతున్న చక్రపాణి గారనే ఇంజనీరు దగ్గర కొన్నది, వెండి రంగుది. పన్నెండేళ్ల బండి. “చంటిపిల్లలా సాకానయ్యా బుచ్చన్నా, ఎక్కడా చిన్న గీత కూడా లేదు, కావాలంటే వెతుక్కో” అన్నారాయన తాళాలిస్తూ. బుచ్చన్న నిజంగానే వెతికాడు, దొరకలేదు.

ఆ కారే కావాలని పట్టుబట్టింది అనసూర్య. దానికో కారణం ఉంది. చక్రపాణి గారి భార్య చంద్రమతి ఆ కారులో ఎప్పుడూ వెనుక సీట్లో ఎడమ పక్కన కూర్చునేది. ఆదివారం కూరగాయల మార్కెట్ ముందు ఆమె కారు దిగుతుంటే టమాటాలు ఏరుకునే వాళ్లు టమాటాలు మరిచిపోయేవాళ్లు. ఆ మరిచిపోయిన వాళ్లలో అనసూర్య పదేళ్లుంది. అందుకే ఆమెకు కారులో పోవాలని పెద్దగా లేదు. కారులోంచి దిగాలని ఉంది. పోవడానికేం, బస్సులో కూడా పోవచ్చు. కానీ బస్సులోంచి ఎవరూ దిగరు, తోస్తే కిందికి వస్తారు.

దిగే ముహూర్తం కూడా కుదిరింది. వచ్చే ఆదివారం మందమర్రిలో ఆమె తమ్ముడు వేణుమాధవ్ ఇంట్లో మనవడి పుట్టెంటికల దావత్, అంటే పుట్టువెంట్రుకలు తీయించే విందు. పుట్టింటి చుట్టాలందరూ వస్తారు. అనసూర్య ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పింది, కార్ల వస్తున్నం అని. కొందరికి రెండుసార్లు చెప్పింది.

బుధవారం సాయంత్రం బుచ్చన్న కారును క్వార్టర్ ముందు పెడుతూ స్టీరింగు కాస్త ముందే తిప్పాడు. అక్కడ నీలం రంగు నీళ్ల డ్రమ్ము ఉంది. నల్లా రోజుకొకసారే వస్తుంది కాబట్టి నిండుగా ఉంది. నిండిన డ్రమ్ము గోడకు ఆనుకొని ఉంటే గోడ కిందే లెక్క. కారు దాన్ని మెల్లగా, ప్రేమగా ఒరుసుకుంది. పెద్ద శబ్దం కూడా రాలేదు. దిగి చూస్తే ఎడమ పక్క వెనుక డోరుకు, దిండు మీద ఎవరో తల పెట్టి లేచి వెళ్లినట్టు, ఇంత గుంత.

అదే డోరు. అనసూర్య దిగాల్సిన డోరు.

ఆమె బయటికి వచ్చి చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బుచ్చన్నకు సులువయ్యేది.

“ఆదివారం లోపల నా డోరు నాకు కావాలె” అంది. “లేకుంటె నేను పొద్దుగాల బస్సుకు పోత. ఒక్కదాన్నే. నువ్వు నీ కారేసుకొని యాడికన్న పో.”

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా డెంటింగు షెడ్డుకు పోయాడు బుచ్చన్న. మిస్త్రీ పేరు శివ. మూడు పదుల వయసు, మాట తక్కువ. డోరు ముందు గొంతుకూర్చొని, కళ్లు మూసుకొని, వేళ్లతో గుంత అంచులన్నీ తడిమాడు.

“రంగు పగల్లే, రేకు మడత పడలే. నీ నసీబు మంచిగున్నది కాకా. లోపల్నుంచి నిదానంగ తోస్తే వచ్చేస్తది. బండి ఇడిసిపెట్టు, మంగళారం ఇస్త.”

“మంగళారమా? ఆదివారం దావతున్నదిరా అయ్యా!”

“నీకు ముంగట నాలుగు బండ్లున్నయి. ఆళ్లకు దావతులు లేవా?”

బుచ్చన్న గొంతు తగ్గించాడు. “నేనే చేస్కుంటె ఎట్లుంటది?”

శివ లేచి చేతులు తుడుచుకున్నాడు. “చేస్కోవచ్చు. గీసుంటి గుంతకు గొప్ప పనేం లేదు, తోసుడే. కని యాడ తోస్తున్నవు, దేని మీద ఆసరా పెట్టి తోస్తున్నవు, గది తెల్వాలె. తెల్వకుంటె ఒక గుంత ఉన్న కాడ రెండు పనులయితయి. నా మాటిని ముట్టకు.”

ఈ మాటల్లో బుచ్చన్న చెవికెక్కినవి రెండే. ఒకటి, తోసుడే. రెండోది, ఆసరా. ఆ రెండో మాటకు ఆయనకు నవ్వొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు గుట్టను భుజాన మోసిన వాడికి, రేకు డబ్బాకు ఆసరా ఎలా పెట్టాలో పాఠం చెప్పేవాడు వచ్చాడు!

అయినా వెంటనే తెగబడలేదు. బుచ్చన్న మొండివాడే గానీ తొందరవాడు కాదు. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చొని, కారు వంక చూస్తూ రెండు పక్కలా ఆలోచించాడు. షెడ్డులో ఇస్తే డోరు బాగవుతుంది, కానీ అనసూర్య బస్సు ఎక్కుతుంది. ఎక్కితే ఆ సంగతి దావత్‌తో పోదు, తాను పెన్షన్ తీసుకునే రోజుల్లో కూడా వినిపిస్తుంది. పోనీ, గుంతతోనే వెళ్తే? అక్కడ వేణుమాధవ్ ఉన్నాడు.

వేణుమాధవ్ ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచే తవ్వే గనిలో, డంపరు నడుపుతాడు. ఇల్లంత బండి. దాని టైరు పక్కన నిలబడితే బుచ్చన్న తల టైరు పై అంచుకు కూడా రాదు. కారు కొన్నామని చెప్పిన రోజే ఫోన్లో అన్నాడు: “బావా, నువ్వు చీకట్ల నడిచెటోనివి. ఎలుగుల నడుపుడు నీతోని అయితదా?” ఇప్పుడు డ్రమ్ముకు గుద్దిన డోరు వాడి కంట పడితే ఇంకేమన్నా ఉందా? అండర్‌గ్రౌండు వాళ్ల పరువు మొత్తం ఆ గుంతలో పడిపోతుంది.

శుక్రవారం శోభ ఫోన్ పట్టుకొని వచ్చింది. “అన్నా, గీ వీడియో చూడు. సలసల మసిలే నీళ్లు పోసి, ఎనుకనే సల్లటి నీళ్లు కొట్టాలె. టక్కున వస్తదట.” వీడియోలో నిజంగానే వచ్చింది. ఇక్కడా రెండు పెద్ద గిన్నెల వేడినీళ్లు, బిందెడు చన్నీళ్లు పోశారు. కారు ఎడమ పక్కంతా కడిగిన ముత్యంలా అయింది. గుంత కూడా తళతళా మెరిసింది, అంతకుముందు కనపడని వాళ్లకు కూడా ఇప్పుడు కనపడుతోంది. శోభ వీడియోను మళ్లీ చూసి, “అగో, గది ముంగటి బంపరట అన్నా. ప్లాస్టిక్‌కే వస్తదట” అని చెప్పి, గిన్నెలు తీసుకొని వెళ్లిపోయింది.

తర్వాత బుచ్చన్న బాత్రూంలోంచి, లెట్రిన్ పైపు అడ్డం పడితే గుంజే రబ్బరు గిన్నె పట్టుకొచ్చాడు. గుంత మీద అతికించి గుంజితే రేకు వస్తుందని ఆయన లెక్క. అనసూర్య గడప దాటనివ్వలేదు.

“నేను కూసుండే డోరుకు గది పెడ్తవా? సిగ్గున్నదా నీకు?”

“రేకుకేం తెలుస్తది, గిది యాడ పెట్టిందో?”

“నాకు తెలుస్తది గదా!”

శనివారం ఫస్టు షిఫ్టులో, భూమి లోపల, బుచ్చన్నకు వెలుగు దొరికింది. తలలైటు వెలుతురులో రూఫు వంక చూస్తూ అన్నం డబ్బా విప్పుతున్నాడు. పైనొక బండ, కింద నేల, మధ్యలో ప్రాపు. ప్రాపు తలకూ బండకూ మధ్య చెక్క చీల పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే, కర్ర బిగుసుకొని బండను పైకి ఎత్తి పట్టుకుంటుంది. ఇదే పనిని పక్కకు తిప్పి చేస్తే? కారులో ఈ డోరు నుంచి ఆ డోరుకు అడ్డంగా ఒక ప్రాపు. ఎడమ డోరు రూఫు. కుడి డోరు నేల. గుంత బయటికి రాక ఎక్కడికి పోతుంది? ఆయన ముద్ద నోట్లో పెట్టుకోవడం కూడా మరిచి నవ్వుకున్నాడు. పక్కనున్న వాళ్లు బాయి గ్యాసు తలకెక్కిందేమో అని అనుమానపడ్డారు.

మధ్యాహ్నం ఇంటికి వస్తూనే చిక్కుడు పందిరి కింది జామాయిల్ కర్ర ఊడబీకాడు. పందిరి ఒక మూల కూలబడింది. అనసూర్య బయటికి వచ్చింది.

“శివ ముట్టొద్దన్నడంటివి గద?”

“శివకు రేకు తెల్సు. నాకు బరువు తెల్సు.”

“ఇంకొక్కసారి ఆలోచన చెయ్యి.”

“మూడు దినాల సంది గదే చేస్తున్న. నా ప్రాపు ఎన్నడన్న వంగిందా? చెప్పు.”

అదొక్కటీ ఆమె కాదనలేదు. పెళ్లయినప్పటి నుంచి అన్నంతో పాటు తింటున్న మాట అది. “సరే. డోరు నాది. గది యాదుంచుకో” అని లోపలికి వెళ్లింది.

ఇక పని మొదలైంది. కొలత చూసి కర్ర కోశాడు. ఎడమ డోరు లోపలి అట్టను, అద్దం తిప్పే పిడితో సహా విప్పాడు. దాని వెనుక రేకులో చెయ్యి పట్టేంత కంత ఉంది. అందులోంచి కర్ర తల దూర్చి, గుంతకు సరిగ్గా వెనుక, పాత బనీను మడత పెట్టి ఆనించాడు. ఇంతవరకూ శివ చూసినా ‘శెభాష్ కాకా’ అనేవాడు.

అప్పుడు కర్ర మొదలు సంగతి వచ్చింది. బాయిలో ప్రాపు నిలబెట్టే ముందు ఒక నియమం ఉంది. కింద మెత్తటి బొగ్గు మీద నిలబెట్టకూడదు. అది దిగిపోతుంది. పొడిని గీకి గీకి తీసి, గట్టి నేల తగిలేదాకా పోవాలి, అక్కడ కర్ర మొదలు పెట్టాలి. కొత్తగా చేరిన వాళ్లకు బుచ్చన్న మొదట నేర్పేది ఇదే. ఇప్పుడు కుడి డోరు అట్టను వేలితో నొక్కి చూశాడు. మెత్తగా ఉంది. తల అడ్డంగా ఊపాడు. ఆ అట్టనూ విప్పేశాడు. దాని వెనుకా అలాంటి కంతే ఉంది. అందులోంచి కర్ర మొదలు దూర్చి, ఇంకా లోపలికి, చిట్టచివరి రేకు తగిలేదాకా పోనిచ్చాడు. కర్రతో తట్టాడు. ఠణ్ మంది. గట్టి నేల!

తెల్లారితే దావత్ కదా, దేవుడికి దండం పెట్టుకొని చీల బిగించాడు. ఒక దెబ్బ. కర్ర ‘కిర్రు’మంది. బిగుస్తున్న కర్ర మాట్లాడుతుందని బాయిలో అంటారు. బుచ్చన్న చెవి పెట్టి విన్నాడు. కర్ర సంతోషంగానే ఉంది. రెండో దెబ్బ. మూడో దెబ్బకు ‘ధబ్’ మని శబ్దం వచ్చింది. కొంచెం పెద్దగానే వచ్చింది, ఒక్క గుంతకు అంత అవసరమా అనిపించేంత. కానీ ఆ క్షణంలో బుచ్చన్నకు అనుమానాలు రాలేదు. కర్ర తీసి, రెండు అట్టలూ బిగించాడు. అట్టలను రేకుకు పట్టి ఉంచే ప్లాస్టిక్ గుండీలు పదకొండు మిగిలాయి, జేబులో వేసుకున్నాడు. దిగి ఎడమ డోరు మీద అరచేయి పెట్టి నిమిరాడు.

గుంత లేదు. పళ్లెంలా ఉంది.

“అనసూర్యా! జల్ది రావే!”

ఆమె వచ్చింది. వంగి చూసింది. పక్క నుంచి చూసింది. చేత్తో రాసి చూసింది. ఆమె ముఖంలోకి మెల్లగా వెలుగు వచ్చింది. ముప్పై ఏళ్లలో ఆయన బాగు చేసిన వస్తువు నిజంగా బాగైంది ఇదొక్కటే. లోపలికి వెళ్లి నిమ్మకాయ తెచ్చి, దిష్టి తీద్దామని కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ముందు వైపు తిరిగింది. కుడి పక్కకు మళ్లింది. అక్కడ ఆగిపోయింది.

దిష్టి తీయబోయిన చెయ్యి దించింది.

“ఏందయ్యా గిది?”

బుచ్చన్న చుట్టూ తిరిగి వచ్చాడు. కుడి పక్క వెనుక డోరు, కడుపునిండా తిని కూర్చున్న పెద్దమనిషిలా, ముందుకు పొడుచుకొని ఉంది. బాయిలో నేల కింద భూమండలం మొత్తం ఉంటుంది, అందుకని కదలదు. ఇక్కడ నేల కింద ఉన్నది గాలి. ఇది ఆయనకు ఆ క్షణంలో, నిమ్మకాయ పట్టుకున్న భార్య పక్కన నిలబడి, బాగా అర్థమైంది. అరచేత్తో ఆ బొజ్జను నొక్కాడు. ‘టప్పు’మని లోపలికి పోయింది. చేయి తీశాడు. ‘టప్పు’మని బయటికి వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ వచ్చింది.

“ఇగ చాలు, ఆపు” అంది అనసూర్య. మెట్ల మీద కూర్చుంది. నిమ్మకాయను అటూ ఇటూ తిప్పింది. బుచ్చన్న ముఖం తుడుచుకున్నాడు. బాయిలో రూఫు పగులుతున్నప్పుడు కూడా ఆయనకు ఇంత చెమట పట్టలేదు.

“ఎడమ దిక్కు మంచిగున్నది గదా?” అంది చివరికి.

“మస్తుగున్నది.”

“నేను దిగేది గా దిక్కే గదా?”

“గా దిక్కే.”

“మందమర్రి బజారు దిక్కుకెల్లి పోతే తమ్ముని ఇల్లు ఎడమ చేతికి వస్తది. అందరు ఎడమ దిక్కే నిలవడ్తరు. కుడి దిక్కు ఎవలు చూస్తరు? ఎదురుంగ ఉన్న పెంకుటింటి గోడ చూస్తది.” లేచి నిలబడింది. “పోదాం తియ్యి.”

ఆదివారం ఉదయం ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొని, స్టీలు డబ్బాలో అరిసెలు పెట్టుకొని, అనసూర్య వెనుక సీట్లో ఎడమ పక్కన కూర్చుంది. గోదావరి బ్రిడ్జి దాటి శ్రీరాంపూర్ వైపు పోతుంటే ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా కుడి డోరు ‘టప్పు’మని లోపలికి, ‘టప్పు’మని బయటికి. దార్లో ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో ఇద్దరికీ ఆ రోజే తెలిసింది. ఇద్దరూ వినపడనట్టు కూర్చున్నారు.

మందమర్రి బజారు దాటి వీధిలోకి తిరగబోయి బుచ్చన్న బ్రేకు వేశాడు. వీధి మొదట్లోనే షామియానా అడ్డంగా కట్టి ఉంది. వంటవాళ్లు బగారన్నం వండిన పెద్ద గిన్నెలు, గంజులు, దించుతున్నారు. గరిటె ఊపి, “అవుతల దిక్కుకెల్లి రాండ్రి” అని చెప్పాడొకడు.

అవతలి వైపు నుంచి వస్తే ఇల్లు కుడి చేతికి వస్తుంది.

“ఎట్ల?” అన్నాడు బుచ్చన్న అద్దంలో చూస్తూ.

అనసూర్య అవతలి దిక్కు చెయ్యి చూపింది. చుట్టు తిరిగి వచ్చారు. ఇంటి ముందు ముప్పై మంది నిలబడి ఉన్నారు, అందరూ కుడి పక్కనే. వేణుమాధవ్ ముందుకు వచ్చి, వంద టన్నుల బండిని తెస్తున్నట్టు రెండు చేతులూ ఊపుతూ, “రానీ, రానీ, ఇంకా రానీ, బస్!” అని ఆపాడు. ఆపి డోరు వంక చూశాడు. నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఏంది బావా, మీ డోరుకు ఎన్నో నెల?”

ముప్పై మందీ ఒక్కసారి నవ్వారు. బుచ్చన్న దగ్గర ఒక అబద్ధం సిద్ధంగా ఉంది, చక్రపాణి గారి కాలం నుంచే అలా ఉందని. రాత్రంతా నెమరువేసుకున్నాడు కూడా. కారు దిగి నోరు తెరిచాడు. కానీ ఆ మాట అంటే ఎడమ డోరు బాగు చేసిన ఘనత కూడా చక్రపాణి గారికే పోతుంది. అది ఆయన వల్ల కాలేదు.

“దీన్ని కాదురా బామ్మర్దీ, అవుతల దాన్ని చూడు. గాడ గింత గుంత ఉండె. చూపెట్టు ఇప్పుడు, యాడున్నదో! ప్రాపు పెట్టిన. అడ్డం ప్రాపు!”

“కార్లనా?”

“కార్లనే.”

“నేల దిక్కు దేనికి పెట్టినవు?”

బుచ్చన్న కుడి డోరు వంక చూసి తల గోక్కున్నాడు. వేణుమాధవ్‌కు అర్థమైపోయింది. గుమిగూడిన వాళ్లలో బాయి వాళ్లందరికీ అర్థమైపోయింది. ఈసారి నవ్వు షామియానా దాకా పోయి, గరిటెలు కూడా ఆగాయి. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకొని, జనమంతా ఆ ఎడమ డోరు చూద్దామని కారు చుట్టూ తిరిగి అవతలికి ఉరికారు.

అక్కడ అనసూర్య ఉంది. అందరూ నవ్వుతున్నప్పుడే ఆమె కారు దిగింది. నెమ్మదిగా, పదేళ్లుగా నేర్చుకున్నట్టే దిగింది. ఎదురుగా పెంకుటింటి గోడ, గోడ మీద ఒక మేక. అరిసెల డబ్బా పట్టుకొని నిలబడి ఉండగానే మంది వచ్చి మీద పడ్డారు. ఒకరు డోరు నిమురుతున్నారు, ఒకరు తడుతున్నారు. “నిజంగనే మంచిగ తీసిండు” అంటున్నారు. “కుడి దిక్కు పలక అడ్డం పెట్టి ఉంటె బరువు పంచుకునేది బావా” అని వేణుమాధవ్ గంభీరంగా చెప్తూ, వెనక్కి చూడకుండానే, “జర జరుగు అక్కా, డోరు కనిపిస్తలేదు” అన్నాడు.

“ఆగుండ్రి!” అంది అనసూర్య.

మేక కూడా ఆగింది.

“అక్కా, నువ్వెప్పుడు దిగినవే?”

“గదే అడుగుతున్న నేను. ఎప్పుడు దిగిన్నో ఒక్కలన్న చూసిండ్రా? ముప్పై ఏండ్ల సంది బస్సుల వస్తే ఎవ్వలు చూడకపోతిరి. ఇయ్యాల కార్లొస్తే డోరును చూస్తరా?” మొగుడి వైపు తిరిగింది. “బండి ఎనుకకు తియ్యి. మూల మీదికి పోయి మళ్ల రా. మీరందరు అవుతలికి పోయి, ఇంటి ముంగట నిలవడుండ్రి. నేను కుడి దిక్కే దిగుత.”

“గా డోరుకెల్లనా?” అన్నాడు బుచ్చన్న భయంగా.

“గా డోరుకే. ఎవ్వలు డోరును చూడొద్దు. నన్ను చూడాలె.”

ఎవరూ నవ్వలేదు. అంటే, నవ్వే ధైర్యం చేయలేదు. అనసూర్య మళ్లీ ఎక్కి కుడి పక్కకు జరిగింది, బుచ్చన్న కారును వెనక్కి తీశాడు. ముప్పై మందీ బడిపిల్లల్లా ఇంటి ముందు వరుసగా నిలబడ్డారు. వంటవాళ్లు గంజుల మీద మూతలు పెట్టి వచ్చారు. మూల మీద కారు మళ్లింది, మెల్లగా వచ్చింది, వేణుమాధవ్ ఈసారి చేతులు ఊపకుండా కట్టుకొని నిలబడ్డాడు. కారు ఆగింది.

బుచ్చన్న దిగి వచ్చి డోరు పిడి పట్టుకున్నాడు. ఆయన లాగబోతే అనసూర్య లోపలి నుంచి అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టింది, ఆగమని. కొంగు సర్దుకుంది. అరిసెల డబ్బా ఒళ్లో సరిచేసుకుంది. అద్దంలోంచి ఒకసారి అందరినీ, ఈ చివర నుంచి ఆ చివర దాకా లెక్కపెట్టినట్టు చూసింది. ఎవరి కళ్లూ డోరు మీద లేవని నమ్మకం కుదిరాక, అప్పుడు తల ఊపింది.